కథకుని ఋణము

మన యిండ్లలో కథ చెప్పు పద్ధతికి ఒక నియమము కలదు. చెప్పువారు చెప్పుచుండగా వినువారు నడుమనడుమ 'ఊఁ' కొట్టవలెను. చీకటిలో మంచముమీద పరుండిన పిల్లవాడు 'ఊఁ' కొట్టుచున్నంతవరకే అమ్మమ్మ కథ నడచును. ఆ శబ్దము సన్నగిల్లి ఆగిపోయిన తోడనే ఆమె కథ నాపి, దుప్పటి కప్పి, లేచిపోవును. చూచుటకు ఇది చిన్న ఆచారమే. కాని యోచించినకొలది దీనిలో గొప్ప ఒడంబడిక యున్నట్లు తోచును. వినువాడు తన కాలమును, తన మనస్సును కథకుని చేతిలో పెట్టుచున్నాడు. 'ఊఁ' అన్న ప్రతిపర్యాయమును మరికొంత అప్పు పెట్టుచున్నాడన్నమాట.

అప్పు పుచ్చుకొన్నవాడు దానిని తీర్పవలసినవాడే గదా! కథకుడు వినువాని కుతూహలమును అప్పుగా తీసికొని, దేనితో తీర్చుచున్నాడు? వినువానిని కట్టిపడవేయుట యొక నేర్పు మాత్రమేనా, లేక ఆ నేర్పునందు ధర్మాధర్మవిచారణకు చోటు కలదా? నేర్పును గూర్చి అలంకారశాస్త్రజ్ఞులు విస్తారముగా వ్రాసినారు. ధర్మమును గూర్చి మన సంస్కరణాభిమానులు చేసిన విచారము స్వల్పము. పైగా మనలో ననేకులకు కథ యనగానే కొంత చిన్నచూపు. ఉపన్యాసము సత్యము, కథ కాలక్షేపము అని మనము తలంతుము. మేమును చాలకాలము అట్లే తలచితిమి. ఆ తలంపును మాన్పినది గ్రంథము కాదు, ఒక బాలిక.

మేము రెండు దశాబ్దములకు పైగా ఉపాధ్యాయవృత్తిలో నున్నాము. వారమునకు ఒక గంట నీతిబోధకై మాకు కేటాయింపబడియున్నది. ఒకనాడు ఆ గంటలో, వివాహవిషయమున ఆడుపిల్ల సమ్మతి ఎంత ఆవశ్యకమో పదవ తరగతివారికి ఉపన్యసించితిమి. స్మృతులనుండి కొంత, చట్టములనుండి కొంత, మహనీయుల జీవితములనుండి కొంత ఎత్తి చూపితిమి. ఉపన్యాసము బాగుగనే సాగినదని మాకు తోచెను. పిల్లలు నిద్రపోలేదు, అంతకంటె హీనముగా, మర్యాదగా కూర్చుండిరి. గంట కొట్టిన తోడనే వారి మొగములలో వచ్చిన వెలుగును చూచి, మా మాటలలో నొక్కటియు వారి లోనికి పోలేదని గ్రహించితిమి.

కొన్నాళ్ళకు అదే గంటలో, చెప్పవలసినది ఏదియు సిద్ధముగా లేక, బేతాళకథ యొకటి చెప్పితిమి. పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరములో ఈ కథలు కలవు. 'చందమామ' చదివి పెరిగిన తెలుగువారికి బేతాళుని వేరుగా పరిచయము చేయనక్కరలేదు. మేము చెప్పినది ఇది: ఒక బ్రాహ్మణునకు చక్కని కూతురు. ఆమెను కోరి ముగ్గురు యువకులు వచ్చిరి. ఒకనికిచ్చినచో తక్కినవారు ప్రాణములు విడుతురేమోయను భయముచే తండ్రి ఎవరికిని ఇయ్యకుండెను. ఇంతలో జ్వరము వచ్చి ఆమె మరణించెను. ఒక యువకుడు ఆమె చితాభస్మమే శయ్యగా శ్మశానమున నివసించెను. రెండవవాడు ఆమె ఎముకలను గంగకు తీసికొనిపోయెను. మూడవవాడు సన్న్యాసియై దేశములు తిరిగి, మృతులను బ్రతికించు మంత్రమున్న పుస్తకమును చేజిక్కించుకొని వచ్చెను. ఆమె బ్రతికెను. ముగ్గురును ఆమె నాది యనగా నాదియని తగవునకు దిగిరి. ఆమె ఎవనికి భార్య కావలెను? తెలిసియు చెప్పకున్నచో నీ తల పగులునని బేతాళుడు రాజును బెదరించెను.

ఇక తరగతిలో కలిగిన సంక్షోభమును ఏమని చెప్పుదుము! బ్రతికించినవానిదే యని కొందరు, భస్మమును విడువనివానిదని కొందరు లేచి నిలిచి వాదించిరి. మేము రాజు తీర్పును వినిపించితిమి: ప్రాణమిచ్చినవాడు తండ్రివంటివాడు, ఎముకలు గంగలో కలిపినవాడు కొడుకు చేయు పని చేసినాడు, కావున ఆమె భస్మముపై శయనించినవాడే భర్త. పిల్లలు మెచ్చుకొనిరి. మేమును పుస్తకము మూసితిమి. అప్పుడు వెనుక బల్లపై కూర్చుండు నొక బాలిక, సాధారణముగా నోరు విప్పనిది, లేచి యిట్లడిగెను: "మాస్టారూ, ఆ పిల్లని ఎవరైనా అడిగారా?"

"కథలో లేదమ్మా" అంటిమి.

"అయితే కథ అయిపోలేదు కదండీ" అని ఆమె కూర్చుండెను.

మా ఉపన్యాసము మొత్తము చెప్పలేకపోయిన దానిని ఆ బాలిక ఆరేడు మాటలలో చెప్పినది. అంతేకాదు, కథ ఎప్పుడు పూర్తియగును అను శాస్త్రవిషయమున కూడ ఆమె యొక సిద్ధాంతము చేసినది. బేతాళుడు ప్రశ్న వేసినాడు, రాజు బదులు చెప్పినాడు, శవము మరల చెట్టెక్కినది. సంఘటనలన్నియు ముగిసినవి. ఐనను ఆమె దృష్టిలో బాకీ మిగిలియే యున్నది. ఈ బాకీ ఏమి? దీనిని తెలిసికొనవలెనన్నచో ముందుగా, కథ మనలను ఏ త్రాటితో కట్టుచున్నదో విచారింపవలెను.

సామాన్యముగా చెప్పు సమాధానము సులభమైనది. ముందు ఏమగునో మనకు తెలియదు, తెలిసికొనగోరుదుము, కావున వినుచుందుము. కథకుని పనియెల్ల ముగింపును దాచుటయే. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని ఇదియే పూర్ణసత్యమైనచో, ఒకసారి విన్న కథను రెండవసారి ఎవ్వరును వినగూడదు. పిల్లలు నిన్నటి కథనే మరల చెప్పుమని ఏల వేధింతురు? అందొక మాట మార్చినచో "అట్లా కాదు" అని దిద్దుదురు కూడ! హరికథలో సీతారాములు వనవాసమునకు పోవుదురనియు, తిరిగి వత్తురనియు ఎరుగనివారు ఆ పందిటిలో ఒక్కరును ఉండరు. ఐనను హరిదాసు కైక వరమడుగు ఘట్టమునకు వచ్చునప్పటికి, ఈసారి యైన ఆమె అడుగకుండునేమో యన్నట్లు జనము ఊపిరి బిగబట్టి కూర్చుందురు. తెలిసిన ముగింపునకు ఇంత బిగువు ఎచ్చటినుండి వచ్చినది?

కాళిదాసు చేసిన పని చూడుడు. మహాభారతములోని శకుంతలోపాఖ్యానమున శాపము లేదు, ఉంగరము లేదు. రాజు ఎరిగియుండియే ఆమెను ఎరుగనని పలుకును. కాళిదాసు దుర్వాసుని శాపమును, గుర్తుగా ఉంగరమును కల్పించెను. దాచుటయే కథకుని విద్య యైనచో, అతడు ఆ శాపమును దాచి, నిండు సభలో రాజు "నీవెవరో యెరుగ" ననునప్పుడు మనలను ఉలికిపడునట్లు చేసి, పిదప కారణము చెప్పియుండవలెను. అతడట్లు చేయలేదు. నాల్గవ అంకము మొదటనే శాపమును మన చెవిలో వేసెను. అనసూయాప్రియంవదలకు తెలియును, మనకు తెలియును. శకుంతల కొక్కతెకే తెలియదు. ఆమె అత్తవారింటికి బయలుదేరుచు చెట్లకు, లేడిపిల్లకు వీడ్కోలు చెప్పుచున్నప్పుడు మన హృదయము ఏల అంతగా తరుగుకొనిపోవును? ఆమె ఎరుగనిది మన మెరుగుదుము గనుక. ఆమె చేతి ఉంగరమును మనము కన్నార్పక చూచుచుందుము గనుక.

పాశ్చాత్యదేశములందును ఇదే తీర్మానమునకు వచ్చినవారు కలరు. జర్మనీలో లెస్సింగ్ 1767–69 సంవత్సరముల నడుమ వ్రాసిన నాటకవిమర్శలలో, రాబోవుదానిని ప్రేక్షకునకు ముందుగనే తెలుపుటవలన కవికి నష్టము లేదు, లాభమే యని వాదించెను. చలనచిత్రదర్శకుడైన ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1962లో ఫ్రాన్సువా త్రుఫోతో జరిపిన సంభాషణలలో చెప్పిన దృష్టాంతము ప్రసిద్ధము. ఇద్దరు బల్లకడ కూర్చుండి ఊసుపోకకు మాటలాడుచున్నారు. బల్ల క్రింద బాంబు కలదు. మనకు చెప్పకుండ అది ప్రేలినచో పదునైదు క్షణముల ఉలికిపాటు. ముందే చెప్పినచో పదునైదు నిమిషముల ఆరాటము. ఆ వ్యర్థసంభాషణయే అప్పుడు ప్రాణాంతకమగును. 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు సాన్ డియాగో శాఖకు చెందిన ఇద్దరు మనశ్శాస్త్రజ్ఞులు పండ్రెండు చిన్నకథలతో పరీక్ష జరిపి, ముగింపును ముందు చెప్పించుకొన్న పాఠకులే ఆ కథలను కొంత ఎక్కువగా మెచ్చుకొనిరని ప్రకటించిరి. తరువాతి పరీక్షలలో కొన్ని ఇందుకు విరుద్ధముగా తేలినవి. కావున ముందు చెప్పుటయే మేలని మేము శాసింపము. ముగింపు తెలిసినంతమాత్రమున కథ చావదనుట మాత్రము స్పష్టము.

అట్లయిన చచ్చునది ఏది, బ్రతికించునది ఏది? మన భరతముని నాట్యమున ఐదు అవస్థలను చెప్పినాడు: ప్రారంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. వీనిలో నడుమనున్న ప్రాప్త్యాశయే మాకు కథకు గుండెకాయవలె తోచును. దశరూపకకర్త దీనిని చక్కగా వివరించెను: ఉపాయమున్నదను ఆశ యొకవైపు, అపాయమున్నదను శంక యొకవైపు లాగుచుండగా ఫలము దక్కునేమోయని తోచు స్థితి అది. దక్కునని తెలిసిన ఆరాటము లేదు. దక్కదని తెలిసిన ఆశ లేదు. మరియు కథ అడ్డదారులలో పడి తెగిపోవునప్పుడు తిరిగి అతుకునట్టి 'బిందువు'ను గూర్చియు శాస్త్రము చెప్పినది. నీటిపై పడిన నూనెబొట్టువలె అది కథయంతట వ్యాపించునట. ఉపాధ్యాయుడై పిల్లల యెదుట నిలిచి, నడుమ వచ్చిన తన చమత్కారములలో తానే తప్పిపోయిన వానికి ఈ బిందువు విలువ బాగుగ తెలియును.

ఐతే ఈ అవస్థలన్నియు ఎవనివి? ఫలము కోరువానివి. ప్రారంభించువాడు, ప్రయత్నించువాడు, పొందువాడు నాయకుడు. మా బేతాళకథలో ముగ్గురు యువకులకును ఈ అవస్థలు కలవు. ఆ కన్యకు ఒక్కటియు లేదు; ఆమె ఫలము మాత్రమే. ఫలమునకు నోరుండునా? ఉండునని ఆ బాలిక పట్టుబట్టినది.

ఇచ్చట మాకు శాస్త్రగ్రంథములకంటె పసిపిల్లల కథయే యెక్కువ తోడ్పడినది. ఏడు చేపల కథ ఎరుగని తెలుగువారుందురా? రాజకుమారులు ఏడుగురు ఏడు చేపలను తెచ్చి యెండబెట్టిరి, ఒకటి ఎండలేదు. చేప నడుగగా గడ్డిమేటు అడ్డమన్నది. మేటు నడుగగా ఆవు మేయలేదన్నది. ఆవు పాలేరును చూపినది, పాలేరు అన్నము పెట్టని అవ్వను చూపినాడు, అవ్వ ఏడ్చిన పిల్లవానిని చూపినది, పిల్లవాడు కుట్టిన చీమను చూపినాడు. నవలాస్వరూపమును గూర్చి 1927లో ఆంగ్లరచయిత ఫార్‌స్టర్ చేసిన విభాగము విద్యావంతులు చదివియే యుందురు. 'తరువాత నేమి' యను ప్రశ్నపై నడచునది వట్టి కథ, 'ఏల' యను ప్రశ్నపై నడచునది ఇతివృత్తము అని దాని సారాంశము. మన అవ్వలు ఈ భేదమును ఉయ్యాలలోనే నేర్పిరి. ఏడు చేపల కథలో 'తరువాత నేమి' అనునది లేనే లేదు. మొదటినుండి తుదివరకు 'ఏల' యే. అడుగడుగునను ముందునకు గాక వెనుకకు నడచుచున్నను పిల్లవాడు విడువక వినును.

ఈ కథలో అంతకంటె గొప్ప విశేష మింకొకటి కలదు. అందరును తప్పును పక్కవానిపై నెట్టుచు వచ్చిరి. విచారణ దిగిదిగి అన్నింటికంటె చిన్నప్రాణి కడకు వచ్చినది. చీమ ఎవరిని చూపలేదు. నా పుట్టలో వేలు పెట్టినచో కుట్టనా యని తిరిగి ప్రశ్నించినది. పిల్లలందరును ఆ మాటకు పకపక నవ్వుదురు. ఆ నవ్వు ఏమి? న్యాయము దొరికినదను సంతోషము. నేరస్థురాలిగా పిలువబడినది వాదియై నిలిచినది. అడుగవలసినవారిని తుదకు అడిగినారు. వారు తమ మాట చెప్పుకొన్నారు. అప్పుడు కథ ముగిసినది. ఇదియే మా నిర్ణయము: కథకుడు అప్పుగా పుచ్చుకొన్న కుతూహలమును సమాచారముతో తీర్పలేడు; ఒక ప్రాణిని అర్థము చేయించుటతోనే తీర్పగలడు. ఏమి జరిగినదో తెలిసికొనుట వినువానికి చాలదు. జరిగినదానిని అనుభవించినవారి మాట వినబడువరకు అతని 'ఊఁ' ఆగదు.

ఈ కొలతతో చూచినచో కన్యాశుల్కము ఏల నిలిచినదో తెలియును. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో మిక్కిలి పెంచి తిరిగి ప్రకటింపబడిన ఆ నాటకమును గురజాడవారు సంస్కరణోద్దేశముతోనే వ్రాసిరి. అప్పటి దురాచారము నేడు ఆ రూపమున లేకున్నను, ఆ నాటకము పాతబడలేదు. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి ముసలి లుబ్ధావధానులకు కట్టబెట్టు రహస్యము మనకు మొదటినుండియు తెలియును. కాళిదాసు పాటించిన మార్గమే ఇదియు. మనము 'ఏమగును' అని గాక, 'ఈ ముసలివాడు ఎప్పుడు గ్రహించును, గ్రహించి యేమి చేయును' అని చూచుచుందుము. కాని ఆ నాటకమున అసలు సాహసము తుదిని కలదు. వేశ్యలను కన్నెత్తి చూడనని వ్రతము పట్టిన సౌజన్యారావు పంతులు ఎదుటికి మధురవాణి పురుషవేషమున వచ్చి, సంస్కర్తనే ప్రశ్నించును. సంస్కరణనాటకము వ్రాయుచు, సంస్కర్తను నిలదీయు అధికారమును సంఘము వెలివేసిన స్త్రీకి గురజాడవారు ఇచ్చిరి. చీమకు నోరిచ్చిన అవ్వల మార్గమిదియే.

దాచుట సర్వదా దోషమా యని చదువరు లడుగవచ్చును. కాదు. గురజాడవారే 1910లో ప్రకటించిన 'దిద్దుబాటు' కథలో పెద్ద విషయమునే దాచిరి. అర్ధరాత్రము దాటి యిల్లు చేరిన గోపాలరావునకు భార్య పుట్టింటికి పోవుచున్నట్లు వ్రాసిన ఉత్తరము కనబడును. అతడు బెంగపడి పశ్చాత్తాపపడుచుండగా, ఆమె మంచము క్రిందనే యున్నదని తుదకు తెలియును. ఇది మోసము కాదు. ఆ తుదిమాట తెలిసిన పిదప కథను మొదటికి మరలించి చూచినచో, అతని ప్రతిపలుకును ఆమె వినుచుండినదని బోధపడి కథయంతయు రెండింతలగును. దాచినదానిని బయటపెట్టినప్పుడు వెనుకటి పుటలు వెలుగవలెను. అట్లు వెలిగినచో దాచుట ధర్మము. వెలుగక, ముందటి పుటను త్రిప్పించుటకే దాచినచో అది వంచన.

అట్టి వంచనకు నిదర్శనము కావలసినవారు ఏ సాయంకాలమైనను టెలివిజన్ ముందు కూర్చుండవచ్చును. మా యింట మా పెద్దమ్మ చూచు ధారావాహిక యొకదానిలో ఒక స్త్రీ చేతికి ఉత్తరము వచ్చినది. వారము గడచినను అది విప్పబడలేదు. విప్పబోవునప్పుడెల్ల తలుపు చప్పుడగును, గాలి వీచును, మృదంగము మ్రోగును, నలుగురి మొగములు నాలుగు పర్యాయములు కనబడును, ఆనాటి భాగము ముగియును. "ఇవాళ కూడా విప్పరురా" అని పెద్దమ్మ నిట్టూర్చును. "విప్పితే అందులో ఇంకో ఉత్తరం సంగతి ఉంటుంది" అని ఆమెయే మరల నవ్వును. ఆమెకు మోసము తెలియును. ఐనను మరునాడు కూర్చుండును. ఇది పాత అప్పు తీర్చుటకై కొత్త అప్పు చేయు వ్యాపారము. ఇక చేతిఫోనులలో ఒక భాగము ముగిసిన తోడనే తరువాతి భాగము తనంతట తానే మొదలగుచున్నది. వినువాడు 'ఊఁ' కొట్టనక్కరయే లేదు. నిద్రపోయిన పిల్లవానికి కథ చెప్పుచునే యుండు అమ్మమ్మను ఊహింపుడు! ఆమెకు పిల్లవానితో పని లేదన్నమాట.

తెల్లవారగనే కథను ఆపివేసిన షహరాజాదును మెచ్చుకొందుముగదా, వీరి నేల నిందించుట యని యడుగవచ్చును. ఆమె ఋణము చేసినది నిజమే. కాని ఆమె ఆపిన ప్రతికథయు ఒక ప్రాణమును కాపాడినది. ఆమెది మాత్రమే గాదు, మరునాడు బలికావలసిన మరియొక కన్యది. శుకసప్తతిలో చిలుకయు డెబ్బది కథలతో ప్రభావతిని గడప దాటనీయకుండ నిలిపినది. చిక్కును చెప్పి, ఇప్పుడామె యేమి చేయవలెనో చెప్పుమని ప్రభావతినే యడుగుట ఆ చిలుక నేర్పు. నేర్పు ఒక్కటే, కాని ఆ నేర్పు ఎవరి మేలునకు వినియోగమైనదని అడిగినప్పుడు షహరాజాదునకు మనము నమస్కరింతుము, చిలుకయెడల కొంచెము సందేహింతుము. భర్త దేశాంతరమునకు పోవచ్చును, భార్య కథలు వినుచు కూర్చుండవలెను అను ధర్మమునకు అది కావలి గనుక.

ఇంతవరకు పరుల దోషములను చెప్పితిమి. మా దోషమును చెప్పకున్న ఈ వ్యాసము అసత్యమగును. ధారావాహికకర్త అప్పు చేసి తీర్పడు. ఉపన్యాసకుడు అప్పే లేకుండ వసూలు చేయబోవును. వినువానికి ప్రశ్న పుట్టకమునుపే సమాధానమును చేతిలో పెట్టి, ఇది సత్యము, పుచ్చుకొమ్మనును. మేము ఆనాడు చేసినది ఇదియే. కన్య సమ్మతిని గూర్చి గంటసేపు మాటలాడితిమి. ఎదుట కూర్చున్న కన్యలలో నొక్కరినైనను మాట యడుగలేదు. మేము చెప్పిన ధర్మమును మేమే ఆ గదిలో ఉల్లంఘించితిమి.

ఆ బాలిక ప్రశ్న కథను గూర్చినది మాత్రమే కాదని కొన్నాళ్ళకు తెలిసినది. ఇంట ఆమెకు సంబంధము చూచుచుండిరి. మేము వారి యింటికి పోయితిమి. ఆడుపిల్లకు పదునెనిమిదేండ్లు నిండక వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరమని చెప్పుటకు సిద్ధపడియే పోయితిమి; చెప్పితిమి కూడ. తండ్రి దుర్మార్గుడు కాడు. మంచి సంబంధము చేజారిపోవునను భయము ఆయనది. "పిల్ల నడిగితిరా?" అంటిమి. "చిన్నదండీ, దాన్నేమడుగుతాం?" అని ఆయన. అడుగుటకు చిన్నది, పెండ్లికి మాత్రము చిన్నది కాదు! ఈ మాట మేము పైకి అనలేదు. అప్పుడు తలుపు వెనుకనుండి తల్లి పలికెను: "నేనడిగానండీ. చదువుకుంటానంది." ఆయన భార్యవైపు తిరిగి, తొలిసారి ఆ మాట విన్నవానివలె, "ఎప్పుడూ?" అనెను. "మొన్ననే చెప్పాను గదా" అని ఆమె. ఆ యింట ఉత్తరము ముందే యున్నది. దానికి 'ఊఁ' కొట్టువారే లేకపోయిరి. ఆ సంబంధము అంతటితో ఆగినది. అందులకు మేము కారణమని చెప్పుకొనము. ఆ తల్లిమాట మా రాకకు ముందే పుట్టినది.

నాటినుండి మేము నీతిగంటలో ఉపన్యసించుట మానితిమి. కథ చెప్పి, "ఇందులో ఎవరిని అడుగలేదు?" అని మాత్రము అడుగుదుము. ఇది పెద్ద విద్య కాదు. ఏ యింటనైనను, రాత్రి దీపమార్పిన పిదప, పిల్లలకు కథ చెప్పు తల్లియో తాతయో చేయగల పని. చెప్పువారు నేర్పరులు కాకున్నను చింత లేదు. కథలో మాటాడనివారి పక్షమున పిల్లవాడు ప్రశ్న వేసినప్పుడు, "కథలో అట్లాగే ఉంది, పడుకో" అని కసరకుండిన చాలును.

కథ కంచికి, మనమింటికి అని పెద్దలు కథ ముగింతురు. కంచికి పోవునది కథ మాత్రమే. ఆ బాలిక వేసిన ప్రశ్న మా వెంట ఇంటికి వచ్చినది. మా గడపలో అడుగు పెట్టిన తరువాత, మా యింటను ఎన్ని విషయములలో ఎవ్వరిని అడుగక మేము తీర్పులు చెప్పితిమో లెక్కించుకొనుచు ఆ రాత్రి చాలసేపు మేలుకొని యుంటిమి.